మనాది మీద నవ్విస్తూ సినిమా తీయొచ్చా? బకెట్ సీన్ దగ్గర ఆగిపోయాను, సలహా చెప్పండి

బండ్‌మీద_నడక (చర్చ మొదలుపెట్టినవారు)
ఆదివారం, రాత్రి 10:15

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. నేను ఒక చిన్న సినిమా తీస్తున్నాను, ఇప్పటికి నిడివి 22 నిమిషాలు, లింక్ ఇక్కడే పెట్టాను. కథ నాదే. మూడేళ్ల కింద హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చాను. ఒంట్లో బాగాలేదని పడుకున్నదాన్ని ఇక లేవలేదు. అది డిప్రెషన్ అని నాకూ తెలియదు, ఇంట్లోనూ తెలియదు. తర్వాత డాక్టరు, మందులు, కౌన్సెలింగ్ అన్నీ కలిపి ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు బాగున్నాను. బాగున్నాను కాబట్టే తీయగలుగుతున్నాను.

మా ఇంట్లో డిప్రెషన్ అనే మాట ఎవరూ అనలేదు. మా అవ్వ (మేం అమ్మను అట్లాగే పిలుస్తాం) "బిడ్డకు మనాది పట్టుకున్నది" అన్నది. సినిమాకు ఆ పేరే పెట్టుకున్నాను.

నా ప్రశ్న ఇది. ఆ రోజుల్లో నిజంగానే నవ్వొచ్చే సంగతులు చాలా ఉన్నాయి. వాటిని అట్లాగే పెట్టాను. ముఖ్యంగా బకెట్ సీన్. అది డిసెంబర్, చలి. అవ్వ రోజూ పొద్దున ఆరింటికి ఎర్ర బకెట్‌లో నీళ్లు పట్టి హీటర్ రాడ్ పెట్టేది. కాసేపటికి స్విచ్ తీసేసి "నీళ్లు కాగినయ్, లెవ్వు బిడ్డా" అని పిలిచేది. నేను లేచేదాన్ని కాదు. నీళ్లు చల్లారిపోయేవి. తెల్లారి మళ్లీ అదే. అట్లా 19 రోజులు.

సినిమాలో ఆ బకెట్‌కు హీరో ఎంట్రీ ఇచ్చాను. కెమెరా నేల మీద, స్లో మోషన్, ఆవిరి పొగలాగా లేస్తుంటే వెనక డప్పు. ఐదుసార్లు వస్తుంది. మొన్న ఆరుగురు స్నేహితులకు చూపిస్తే బాగా నవ్వారు. అయిపోయాక ఒకామె మాత్రం "జబ్బు గురించిన సినిమాలో ఇదేంటి, తీసెయ్" అన్నది. అప్పటి నుంచి ఆ సీన్ ఉంచాలా తీయాలా తేలక టైమ్‌లైన్ ముట్టుకోలేదు.

కరీంనగర్_ఎడిట్‌రూమ్
ఆదివారం, రాత్రి 11:02

చెల్లె, నేను 14 ఏళ్లుగా పెళ్లి వీడియోలు, షార్ట్ ఫిల్ములు ఎడిట్ చేస్తున్నాను. నువ్వు పంపిన లింక్ రెండుసార్లు చూశాను. బకెట్ తీయొద్దు.

మూడోసారి బకెట్ వచ్చినప్పుడు నాకు బాగా నవ్వొచ్చింది. నాలుగోసారి నవ్వలేదు, లోపల లెక్కపెట్టడం మొదలైంది. ఐదోసారి గొంతు పట్టేసింది. కామెడీలో మామూలుగా మూడుసార్లు చాలంటాం, ఎక్కువైతే జనానికి విసుగు. ఇక్కడ ఎక్కువ కావడమే నీ సీన్. ఎందుకంటే ఆ అమ్మకు 19 రోజులూ విసుగు రాలేదు కదా.

కానీ తప్పు ఒకటి కనబడింది. ఐదు ఎంట్రీలకూ అదే డప్పు, అదే స్పీడ్. నాలుగో దానికి డప్పు తీసెయ్. ఐదోదానికి స్లో మోషన్ కూడా తీసెయ్, మామూలు స్పీడ్‌లో మీ అమ్మ బకెట్ మోసే చప్పుడు ఒక్కటి వినబడాలి. రూమ్ టోన్ తీసుకున్నావా? లేకపోతే అదే గదిలో అదే సమయానికి ఫ్యాన్ ఆపేసి ఒక నిమిషం ఖాళీ సౌండ్ రికార్డ్ చెయ్. మ్యూజిక్ తీసేసిన చోట అది లేకపోతే సౌండ్ తెగిపోయినట్టు ఉంటుంది. నిశ్శబ్దం లాగా ఉండదు.

నర్సంపేట_టీచర్
సోమవారం, ఉదయం 6:20

అమ్మా, నేను సినిమాలు తీసేదాన్ని కాదు. బడిలో తెలుగు చెబుతాను. నాకు నవ్వు అంటే భయం ఉంది, అందుకే రాస్తున్నాను.

మా తమ్ముడికి ఎనిమిదేళ్ల కింద ఇదే జబ్బు వచ్చింది. పత్తి చేను ఒక ఏడు పోయింది, అప్పు మిగిలింది, కానీ అప్పు తీరాక కూడా మనిషి తేరుకోలేదు. తిండి, నిద్ర రెండూ పోయాయి. ఊళ్లో చాయ్ హోటల్ దగ్గర కూర్చుంటే "వీన్ని ఎర్రగడ్డకు తోలియ్యాలె" అని నవ్వేవాళ్లు. తిట్టే మనుషులు కాదు వాళ్లు, చిన్నప్పటి నుంచి కలిసి తిరిగినవాళ్లే. ఆ నవ్వుకు వాడు ఇల్లు దాటడం మానేశాడు. ఇప్పుడు మందులు వాడుతున్నాడు, నయమే. ఆ హోటల్ ముందు నుంచి మాత్రం ఇవాళ్టికీ నడవడు.

మీ సినిమా మా ఊళ్లో ఫోన్‌లో చూస్తే ఆ హోటల్ దగ్గరివాళ్లే చూస్తారు. వాళ్లు బకెట్‌ను చూసి నవ్వుతారా, పడుకున్న పిల్లను చూసి నవ్వుతారా? నాకు అది తెలియాలి.

సిరిసిల్ల_క్లిప్స్
సోమవారం, ఉదయం 9:48

సీన్ బాగుంది అక్కా. ఇంకా పేలాలంటే బంధువుల సలహాల దగ్గర కామెడీ మ్యూజిక్ వేసి, మధ్యలో జనం నవ్వే సౌండ్ కలిపితే రీల్స్‌కు బాగా పోతుంది.

కరీంనగర్_ఎడిట్‌రూమ్
సోమవారం, ఉదయం 10:05

తమ్మీ, వేరే సినిమాకైతే నేనూ అదే చెప్పేవాడిని. ఇక్కడ వద్దు. నవ్వే సౌండ్ కలిపితే ఎక్కడ నవ్వాలో మనమే చెప్పినట్టు అవుతుంది. మేడమ్ అడిగిన ప్రశ్న కూడా అదే కదా, ఎవరిని చూసి నవ్వాలో చూసేవాడు తానే తేల్చుకోవాలి. రీల్స్‌కు ముక్కలు కోయడం కూడా ఆలోచించి చెయ్యాలి. మూడో బకెట్ దాకా కోసి పెడితే వట్టి జోక్ మిగులుతుంది, ఐదోది ఎవరూ చూడరు.

ఒగ్గు_డోలు
సోమవారం, మధ్యాహ్నం 1:30

మాది జనగామ దగ్గర పల్లె. చిన్నప్పుడు చుక్క సత్తయ్య గారి ఒగ్గు కథ విన్నవాళ్లం. ఏడిపించే ఘట్టం వచ్చినప్పుడు పక్కన వంత పాడేవాళ్లలో ఒకరు ఠక్కున ఒక మాట వేసేవారు. కూర్చున్న జనమంతా ఒక్కసారి నవ్వేవాళ్లు. డోలు మళ్లీ అందుకున్నాక అదే జనం కొంగుతో, తువ్వాలతో కళ్లు తుడుచుకునేవాళ్లు. తోలుబొమ్మలాటలో కేతిగాడు కూడా అంతే, రాజుల కథ మధ్యలోకి వచ్చి నవ్వించి పోతాడు.

మనకు ఇది కొత్త కాదు అని చెప్పడానికి రాస్తున్నా. రాత్రంతా సాగే దుఃఖం కథ నవ్వు లేకుండా ఎవరూ కూర్చుని వినలేరు. నవ్వాక ఊపిరి తీసుకుంటారు, తర్వాతి ఏడుపుకు చోటు దొరుకుతుంది. అయితే ఒకటి గమనించండి. వంతవాడు కథలో కష్టపడుతున్న మనిషిని ఎప్పుడూ వెక్కిరించడు. ఆ మనిషిని కష్టపెట్టినవాళ్లనో, చుట్టూ ఉన్న లోకాన్నో, లేకపోతే తననో అంటాడు. టీచరమ్మ గారి అనుమానానికి ఇక్కడ కొంత జవాబు ఉందనుకుంటా.

బండ్‌మీద_నడక
సోమవారం, రాత్రి 9:10

టీచరమ్మా, మీ మాట పొద్దున బస్సులో చదివాను, రోజంతా పని సాగలేదు. ఇంటికొచ్చి మళ్లీ సినిమా చూశాను, ఈసారి హోటల్ దగ్గర కూర్చున్నవాళ్ల కళ్లతో.

బకెట్ దగ్గర నవ్వు బకెట్ మీదే ఉంది. సలహాల దగ్గర నవ్వు సలహాల మీద ఉంది. ("పొద్దుగాల లేచి నడిస్తే పోతది", "పెండ్లి చేస్తే సర్దుకుంటది", మా మేనత్త తెచ్చిన తాయెత్తు, ఇంకొకరు చెప్పిన బూడిద గుమ్మడికాయ రసం, అన్నీ ఒకే మధ్యాహ్నం.) కానీ తొమ్మిదో నిమిషంలో ఒక షాట్ ఉంది. నేను చిక్కుపడ్డ జుట్టుతో, మాసిన నైటీతో లేచి అద్దం ముందు నిలబడతాను, వెనక తమాషా చప్పుడు వేశాను. అక్కడ నవ్వు నా మీద. తీసేటప్పుడు నా కథ కదా, నా మీద నేను నవ్వుకోవచ్చు అనుకున్నాను. కానీ ఆ షాట్ చూసి నవ్వినవాళ్లు రేపు అట్లా కనబడే ఇంకో అమ్మాయిని చూసి కూడా నవ్వుతారు. ఆమె ఒప్పుకోలేదు కదా. ఆ చప్పుడు ఇప్పుడే తీసేశాను. షాట్ ఉంచాను.

తెల్లకోటు
సోమవారం, రాత్రి 11:40

నేను వరంగల్‌లో సైకియాట్రీ చదువుతున్నాను. ఓపీ అయ్యాక ఈ చర్చ మొత్తం చదివాను. కొన్ని సంగతులు చెప్పాలి.

జుట్టు చిక్కుపడి, ముఖం వాడిపోయి వచ్చేవాళ్లను ఇంట్లోవాళ్లు ఎట్లాగో గుర్తుపడతారు. నాకు భయం నవ్వుతూ వచ్చేవాళ్ల గురించి. చక్కగా తయారై, కూర్చున్న పది నిమిషాల్లో నన్ను రెండుసార్లు నవ్వించి, చివరలో "నిద్రకు ఒక గోలీ రాయండి సార్" అంటారు. ఇంకొంచెం అడిగితే నెలలుగా ఏదీ ఇష్టంగా చెయ్యలేదని బయటపడుతుంది. దిగులు, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, ఈ రెండింటిలో ఏదో ఒకటి దాదాపు రోజంతా, రెండు వారాలకు మించి ఉంటే చూపించుకోవాలి. నిద్ర, ఆకలి, అలసట, తాను దేనికీ పనికిరాననే ఆలోచన, ఇవి దాంతో కలిసి వస్తాయి. మనిషి జోకులు వేస్తున్నాడా లేదా అన్నది ఆ లెక్కలో లేదు. మీ సినిమాలో ఇది ఎక్కడైనా వస్తుందా?

మందుల సీన్ గురించి. రెండు రోజులకే లేచి కూర్చున్నట్టు చూపించారు. డిప్రెషన్ మందులు పనిచేయడం మొదలవడానికి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. మీ సీన్ నమ్మినవాళ్లు మూడో రోజుకే పనిచేయట్లేదని మానేస్తారు. నయమయ్యాక కూడా సొంతంగా ఆపకూడదు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. గోలీ పేరు కనబడేలా క్లోజప్ ఉంది, దాన్ని తీసేయండి. చూసి అదే కొనుక్కునేవాళ్లు ఉంటారు.

ఆస్పత్రి వరండా షాట్‌లో వెనక బెంచీ మీద ఇద్దరి ముఖాలు స్పష్టంగా కనబడుతున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ ప్రకారం చికిత్సలో ఉన్నవాళ్ల ఫొటోలు, వివరాలు వాళ్ల అనుమతి లేకుండా మీడియాలో బయటపెట్టకూడదు. బ్లర్ కాదు, ఆ షాట్ మార్చండి.

బండ్‌మీద_నడక
మంగళవారం, రాత్రి 12:35

డాక్టర్ గారూ, మందుల సీన్ రేపే మారుస్తాను. వరండా షాట్ తీసేశాను.

నవ్వుతూ వచ్చేవాళ్లు అన్నారే, అది చదివి పాత ఫోన్ తీశాను. ఇంటికి రాకముందు, హైదరాబాద్ హాస్టల్ గదిలో ఉన్న చివరి రెండు నెలలు, మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అందరికన్నా ఎక్కువ నవ్వించింది నేనే. వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయి, 31. మా హాస్టల్ ఉప్మా మీద, ఆఫీస్ లిఫ్ట్ మీద, మా చిన్నమ్మ గొంతు అనుకరిస్తూ. వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. అందులో చాలావరకు మంచం మీద పడుకుని, రెండు రోజులుగా తినకుండా పంపినవి. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

ఇవి సినిమాలో లేవు. ఉండాలి కదా?

కరీంనగర్_ఎడిట్‌రూమ్
మంగళవారం, రాత్రి 12:50

సినిమా అక్కడే మొదలవ్వాలి చెల్లె. ముందు వట్టి వాయిస్ మెసేజ్‌లు, ఒకదాని తర్వాత ఒకటి, నల్ల తెర మీద. జనం నవ్వుతారు. తర్వాత అదే గొంతు నడుస్తుండగా హాస్టల్ మంచం, వైడ్‌లో, కదలకుండా. ఒక్క కట్ కూడా వెయ్యకు. మెసేజ్‌లు శుభ్రం చెయ్యకు, ఫోన్ గరగర అట్లాగే ఉండాలి. వినేవాళ్లకు నిజమైన రికార్డింగ్ అని తెలియాలి.

గొంతులు_హన్మకొండ
మంగళవారం, సాయంత్రం 5:15

నేను మిమిక్రీ చేస్తాను. నేరెళ్ల వేణుమాధవ్ గారి ఊరివాణ్ని కాబట్టి ఈ విద్య మీద గౌరవం ఎక్కువ. ఆయనకు 2001లో పద్మశ్రీ వస్తే మా వీధిలో పిల్లలందరం గొంతులు మార్చి మాట్లాడటం మొదలుపెట్టాం.

అక్కా, మీకు ఒక ఆలోచన ఇస్తాను. పొద్దున లేవలేని సీన్లో మీ వాయిస్ ఓవర్‌తో వివరించారు, అది కొంచెం పాఠంలాగా ఉంది. దాని బదులు కాజీపేట జంక్షన్ అనౌన్స్‌మెంట్ గొంతు పెడితే? "ప్రయాణికులు దయచేసి వినండి. మంచం నుండి బాత్‌రూమ్ వరకు వెళ్లవలసిన ప్రయాణికురాలు నిరవధికంగా ఆలస్యంగా నడుస్తున్నారు. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము." ఆ చివరి మాట మీదే నా ఆశ. మామూలుగా విని వదిలేస్తాం, కానీ ఆ మంచం మీద నుంచి విన్నప్పుడు "చింతిస్తున్నాము" అన్నది నిజంగా చింత అవుతుంది. నేను ఉచితంగా చెప్తాను, కాజీపేటలో పది రైళ్లు విని వచ్చి చెప్తాను.

నర్సంపేట_టీచర్
మంగళవారం, రాత్రి 8:00

ఆ అనౌన్స్‌మెంట్ మా తమ్ముడికి చదివి వినిపించాను. మొదట ఏమీ అనలేదు. కాసేపాగి "నాది సింగిల్ లైన్ అక్కా, ఎదురుంగ ఇంకో బండి ఉండె" అన్నాడు. ఆ రోజుల గురించి వాడు తనంతట తానుగా నాతో మాట్లాడిన మొదటి మాట ఇది.

కొత్తసభ్యుడు_మంచిర్యాల
బుధవారం, రాత్రి 2:10

నేను సినిమా మనిషిని కాదు. వాయిస్ మెసేజ్‌ల గురించి రాసింది చదివాను. మా ఫ్రెండ్స్ గ్రూపులో నేనే నవ్విస్తాను. ఇవాళ కూడా. ఎవరికీ చెప్పలేదు. పొద్దు ఎందుకు తెల్లారుతుందా అనిపిస్తుంది. ఇక్కడ ఎందుకు రాస్తున్నానో తెలియదు.

బండ్‌మీద_నడక
బుధవారం, రాత్రి 2:24

అన్నా, నేను మెలకువగానే ఉన్నాను. రాసినందుకు చాలా సంతోషం. నువ్వు ఇప్పుడు ఒక్కడివే ఉన్నావా, ఇంట్లో ఎవరైనా ఉన్నారా? చచ్చిపోవాలని అనిపిస్తోందా? నేరుగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. నన్ను ఎవరైనా అట్లా అడిగి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

తెల్లకోటు
బుధవారం, రాత్రి 2:41

సోదరా, నైట్ డ్యూటీలో ఉన్నాను, చూశాను. 14416కు ఇప్పుడే ఫోన్ చేయండి. టెలి మానస్, 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ. 24 గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఈ రాత్రి గడవడం కష్టంగా ఉందనిపిస్తే ఇంట్లో ఒకరిని నిద్ర లేపి మీ పక్కన కూర్చోబెట్టుకోండి, దగ్గర్లోని ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. వాళ్లకు కారణం వివరించే ఓపిక లేకపోతే ఈ పేజీ చూపించండి. మేము ఇక్కడే ఉంటాం.

కొత్తసభ్యుడు_మంచిర్యాల
బుధవారం, ఉదయం 4:05

వదినను లేపాను. ఆమే ఫోన్ కలిపింది. అన్న కూడా లేచాడు. ఇవాళ ఆస్పత్రికి పోతున్నాం.

నర్సంపేట_టీచర్
బుధవారం, ఉదయం 5:30

బాబూ, పొద్దున్నే చూశాను. మీ వదినకు నా దండం చెప్పు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఒక్క మాట రాయి, ఎంత రాత్రైనా సరే.

బండ్‌మీద_నడక
శుక్రవారం, రాత్రి 10:30

మంచిర్యాల అన్న నాకు మెసేజ్ పెట్టాడు, మందులు మొదలయ్యాయి, వచ్చే వారం మళ్లీ రమ్మన్నారట. ఇక్కడ చెప్పమన్నాడు.

నిన్న కొత్త కట్ మా అవ్వకు చూపించాను. ఇంతవరకు చూపించలేదు, భయపడ్డాను. సినిమాలో తన పాత్ర తానే చేసింది, కానీ ముక్కలు ముక్కలుగా చేసింది కాబట్టి మొత్తం ఎట్లా ఉంటుందో తెలియదు. టీవీకి పెట్టి పక్కన కూర్చున్నాను.

వాయిస్ మెసేజ్‌ల దగ్గర నవ్వింది, మంచం కనబడగానే నా చెయ్యి పట్టుకుంది. బకెట్ మొదటిసారి రాగానే పకపకా నవ్వింది. "నా బకెట్‌కు గింత షానా!" అన్నది. ఐదోసారి, మీరు చెప్పినట్టు డప్పు లేకుండా, మామూలు స్పీడ్‌లో వచ్చినప్పుడు ఇంకా నవ్వుతూనే ఉంది. నాకు అర్థం కాలేదు. ఇక్కడ నవ్వొస్తుందా అవ్వా అని అడిగాను.

"చల్లారిన నీళ్లు ఏమైనయనుకున్నవే?" అన్నది.

చెట్లకు పోసి ఉంటావు అన్నాను. సినిమాలో కూడా అట్లాగే చూపించాను, మందార చెట్టు మొదట్లో పోసినట్టు.

"పారబోస్తనా? కరెంటు కాల్చిన నీళ్లు. నేనే పోసుకున్న. డిసెంబర్ల పది గంటలకు చల్లటి నీళ్లు. గజగజ వణుక్కుంట, మెల్లగ, చెంబు చప్పుడు కాకుండ పోసుకున్న. నువ్వు ఇంటే రేపు పెట్టద్దంటవని." ఇది చెబుతూ నవ్వుతోంది, వణికినట్టు నటించి కూడా చూపించింది. నేను ఏడుస్తున్నాను, ఆమె నవ్వు ఆపట్లేదు, చివరికి నాకూ నవ్వొచ్చింది.

19 రోజులు. నాకు మూడేళ్లుగా తెలియదు.

మళ్లీ చెప్పమని అడిగి ఇవాళ పొద్దున అదే బాత్‌రూమ్ గడప దగ్గర కూర్చోబెట్టి తీశాను. అనుమతి అడిగితే "ఊరంత చూడనియ్" అన్నది. మందార చెట్టు షాట్ తీసేశాను. ఇది ఎక్కడ పెట్టాలి?

కరీంనగర్_ఎడిట్‌రూమ్
శుక్రవారం, రాత్రి 10:52

ఐదో బకెట్ తర్వాత నేరుగా. మధ్యలో ఏమీ వద్దు. ఆమె నవ్వు ఎంతసేపు ఉందో అంతసేపూ ఉంచు, నీ ఏడుపు సౌండ్ పడి ఉంటే అది కూడా ఉంచు. ఆ నవ్వు మీద కట్ వెయ్యకు. ఆమె నవ్వు ఆపి చీర కొంగు సర్దుకుని లేచి పోయేదాకా కెమెరా ఆన్‌లో ఉందా?

బండ్‌మీద_నడక
శుక్రవారం, రాత్రి 10:58

ఉంది అన్నా. లేచి వెళ్తూ "చాయ్ తాగుతవా" అని అడిగింది, అది కూడా పడింది.

గొంతులు_హన్మకొండ
శుక్రవారం, రాత్రి 11:20

అక్కా, ఆదివారం పొద్దున పది గంటలకు అనౌన్స్‌మెంట్ డబ్బింగ్‌కు వస్తున్నాను. నిన్న కాజీపేటలో రెండు గంటలు కూర్చుని విన్నాను. కాలర్ మైక్ నా దగ్గర ఉంది. టీచరమ్మ వాళ్ల తమ్ముడు ఒప్పుకుంటే ఆ సింగిల్ లైన్ మాట కూడా అనౌన్స్‌మెంట్‌లో కలుపుతాను, అడిగి చెప్పండి మేడమ్.

నర్సంపేట_టీచర్
శనివారం, ఉదయం 6:05

అడిగాను. తానే వచ్చి చెప్తానంటున్నాడు. ఏ బస్సుకు రావాలో రాయండి.